గుట్ట మీద ఇద్దరికి చోటు

“ఇద్దరికీనా?” అంది నోలీన్. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

“ఇద్దరికీ అక్కా, పక్కపక్కనే.” మెరెయోని మొహం వెలిగిపోతోంది. “పొద్దున్నే మగాళ్ళంతా గుట్టెక్కి గడ్డి కోసొచ్చారు. అక్కణ్ణించి సముద్రం ఎంత బాగా కనిపిస్తుందనుకున్నావ్! మా అత్తకి కూడా అంత మంచి చోటు రాలేదు, పాపం.”

నోలీన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కేకుపిండి ధారగా జారి వరండా గచ్చు మీద పడుతోంది. ఆవిడ చూసుకోలేదు.

కాసేపటి క్రితం దాకా ఎంత సంబరంగా ఉందని! మెరెయోని చంకలో చాప చుట్ట పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అంచుల నిండా ఎర్ర ఊలు, పచ్చ ఊలు కుచ్చులు. వారం పదిరోజులుగా పక్కింటి అరుగు మీద ఆడవాళ్ళంతా గుమిగూడి అల్లుతుంటే నోలీన్ రోజూ చూస్తూనే ఉంది. ఎవరి పెళ్ళికో అనుకుంది. తీరా తనకే అని తెలిసేసరికి ఉబ్బితబ్బిబ్బయింది. “అబ్బ, భోజనాల బల్ల కింద వేస్తే ఇంటికే కళ వచ్చేస్తుంది!” అంది.

మెరెయోని కళ్ళు గుండ్రంగా తిప్పింది. “బల్ల కిందా? అయ్యో, కాదక్కా! నిన్ను పడుకోబెట్టేటప్పుడు కింద పరిచేది ఇది. డెస్ అన్నయ్యది ఇంకా అల్లుతున్నాం, ఆయన పొడుగు కదా.”

అక్కడ మొదలైంది.

“ఎక్కడ పడుకోబెడతారే నన్ను?” అని నోలీన్ నవ్వుతూనే అడిగింది. గుట్ట మీద అని మెరెయోని అంతే నవ్వుతూ చెప్పింది. ఊరికి ఎగువన ఉన్న గుట్ట మీద ఇళ్ళు లేవు. అక్కడ ఉన్నవన్నీ సమాధులే.

“అన్న చెప్పలేదా నీకు?” మెరెయోని నవ్వు కొంచెం తగ్గింది. “శుక్రవారం మా మామ దగ్గరికొచ్చి తిమింగలం పన్ను పెట్టాడుగా?”

నోలీన్ గరిటె గిన్నెలో పడేసింది.

ఈ దీవికొచ్చిన రెండేళ్ళలో ఆ పన్ను ఎప్పుడెప్పుడు బయటికొస్తుందో ఆవిడ చూసింది. పిల్లని అడగడానికి ఒకసారి. కత్తితో పొడిచినవాడి తరఫున క్షమాపణ అడగడానికి ఒకసారి. పన్ను పెట్టి అడిగారంటే అది ఉబుసుపోక అడిగే మాట కాదు. ఊరిపెద్ద, అంటే మెరెయోని మామ ఓసేయా, దాన్ని చేతిలోకి తీసుకుని సరే అన్నాడా, కూర్చున్నవాళ్ళంతా దోసిలి పట్టి దభ్ దభ్‌మని చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు పడ్డాక మాట మాటే.

“చప్పట్లు కొట్టేశారా?” అంది.

“ఎప్పుడో!” అని, ఆ తరవాత నోలీన్ మొహం చూసి, మెరెయోని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అక్కా, నీకు తెలీదా? నిజంగానే తెలీదా? దేవుడా, నా నోరు పడిపోను!”

చాప అక్కడే వదిలేసి, ఒక చెప్పు తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

* * *

డెస్ వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. కేకుల పళ్ళెం ఖాళీగా ఉంది. నోలీన్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది, ఎదురుగా చాప చుట్ట.

అతని చేతిలో తాడుకి గుచ్చిన చేపలు రెండున్నాయి. ఎవరో ఇచ్చినవే. పడవ మరమ్మతులో ఉందంటూ అప్పటికే కొన్నాళ్ళయింది.

“పడవ బాగయిందా?” అని అడిగింది నోలీన్.

“రేపో ఎల్లుండో అన్నాడు. మోటారులో ఏదో…”

“పన్ను ఏ మాత్రం బరువుంటుంది, డెస్మండ్?”

ఆవిడ మొగుణ్ణి పూర్తి పేరుతో పిలవడం వాళ్ళ కాపురంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పిలిచిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి పగిలింది. డెస్ చేపలు గచ్చు మీద పెట్టి, చెయ్యి నిక్కరుకి తుడుచుకున్నాడు.

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? నువ్వు చెప్పాలి. నన్నెక్కడ పాతిపెట్టాలో ఊరందరికీ తెలుసు. ఊళ్ళో పందులకి కూడా తెలుసు. నాకు తప్ప!”

“నోల్, మెల్లగా…”

“ఎందుకు మెల్లగా? ఎవరైనా వింటారనా? విన్నవాళ్ళే కదా నాకు చాప అల్లుతున్నారు!”

డెస్ వంగి చేపల తాడు ముడి సరిచెయ్యసాగాడు. అతను ఎప్పుడూ అంతే. మెల్‌బోర్న్ దగ్గరి జిలాంగ్‌లో తను పనిచేసే కార్ల ఫ్యాక్టరీ మూసేసిన రోజు కూడా ఇంటికొచ్చి టీ తాగి, తోటలో కలుపు పీకాడు. వారం తరవాత ఆవిడకి పేపర్లో చదివితే తెలిసింది.

“పడవ అమ్మేసి పన్ను కొన్నావు, అంతేనా?”

“అంతే.”

“రెండేళ్ళన్నావు!” నోలీన్ లేచి నిలబడింది. “రెండేళ్ళు చూద్దాం, నచ్చకపోతే వెళ్ళిపోదాం, నిర్ణయం నీదే అన్నావు. ఆ మాట అన్నది నువ్వా, మీ తాతా? వచ్చే నెలతో రెండేళ్ళు. నేను నోరు తెరవకముందే నాకు గొయ్యి కూడా చూసిపెట్టావా?”

“నేను…”

“అద్దెలు పెరిగాయి, పింఛను చాలదు అన్నావు. నిజమే అన్నాను. ఇల్లమ్మేద్దాం అన్నావు. ఏడ్చి ఏడ్చి సరే అన్నాను. అక్కడైతే ఏడాది పొడుగునా ఎండ, చేపలు, కొబ్బరికాయలు, రాజాల్లా బతకొచ్చు అన్నావు. బతకడానికి తీసుకొచ్చావనుకున్నాను, డెస్! చావు కూడా చవకేనా ఇక్కడ?”

ఆ మాట అన్నాక ఆవిడకే ఎక్కడో చివుక్కుమంది. అయినా వెనక్కి తీసుకోలేదు. తీసుకునే ఓపిక లేదు.

“నన్నడగాలని ఒక్కసారైనా అనిపించలేదా? నా చావు నాది కదా? దాన్ని కూడా నువ్వే తేల్చేస్తావా?”

“నేను నీకోసం అడగలేదు.”

“ఏంటి?”

“నీకు అడగలేదు, నోల్. నాకొక్కడికే అడిగాను.”

నోలీన్ నోరు తెరిచింది.

తిట్టడానికి ఆవిడ దగ్గర సాయంత్రం దాకా సరిపోయే మాటలున్నాయి. మధ్యాహ్నమంతా కూర్చుని కూర్చుకుంది. ఈ ఒక్క జవాబుకి తప్ప అన్నిటికీ సిద్ధంగా ఉంది. నన్నెందుకు కలిపావని ఇంత సేపూ అరిచిన మనిషికి, కలపలేదని తెలిసేసరికి తననే బయటికి గెంటేసినట్టయింది.

“నీకొక్కడికేనా?”

“ఓసేయా పన్ను చేతిలోకి తీసుకుని పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. సగం నాకు అర్థం కాలేదు. చివర్లో మొగుడూ పెళ్ళామూ ఇద్దరికీ ఇస్తున్నాం అన్నాడు. ఆగండాగండి అనేలోపు చప్పట్లు పడిపోయాయి. అంతమంది మధ్య ఇచ్చినదాన్ని వద్దని ఎలా అనను? తలూపేశాను.”

తలూపేశాడు! నోలీన్‌కి నవ్వొచ్చినంత పనయింది. బట్టల కొట్లో పొట్టి లాగు కొలిచి బాగుంది సార్ అంటే తలూపి ఇంటికి తెచ్చుకునే మనిషి. అలాగే పెళ్ళానికి గొయ్యి కూడా తెచ్చుకున్నాడు.

“మరి నేను?” అంది. “నన్నెక్కడ పెడదామనుకున్నావు?”

“నువ్వెళ్ళిపోతావుగా.”

“ఎక్కడికి?”

“జిలాంగ్. కెరిన్ దగ్గరికి.” కూతురి పేరు చెబుతూ డెస్ చేపల వంక చూశాడు. “నాకు తెలుసు, నీకిక్కడ ఏమీ నచ్చలేదు. వానలు పట్టుకుంటే తలుపులన్నీ ఉబ్బిపోయి తిట్టుకుంటూ తెరుస్తావు. రాత్రిళ్ళు కెరిన్ ఫొటోలు చూసుకుంటావు. నువ్వు వెళ్ళిపోవాలి. నా తరవాత.”

ఆఖరి రెండు మాటలూ అతను చాలా మామూలుగా అన్నాడు.

నోలీన్ అతని నడుం వైపు చూసింది. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లులు. ఒకటి కాదు, మూడు. చేపలు తిని తిని కుర్రాడివైపోతున్నావోయ్ అని తనే వేళాకోళం చేసింది. ఆ మేకూ సుత్తీ తనే తెచ్చిచ్చింది. ఇప్పుడు ఆ చిల్లులు మళ్ళీ లెక్కపెట్టింది.

“డెస్,” అంది. “సువా పట్నం ఎందుకెళ్ళావు?”

డెస్ మబ్బుల వైపు చూశాడు.

“మోటారు సామాను కోసం అని చెప్పి ఓడెక్కి వెళ్ళావు. ఏ సామానూ తేలేదు. అడిగితే దొరకలేదన్నావు. ఎందుకెళ్ళావు?”

“డాక్టరు దగ్గరికి.”

రేకుల మీద వాన మొదలైంది. మొదట టపటపమని, తరవాత ఒక్కసారిగా. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. వాన చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి. చేపల మీద ఈగలు ముసురుతున్నాయి. తోలేవాళ్ళు లేరు.

“ఏమన్నాడు?” అని నోలీన్ దగ్గరికి జరిగింది.

“కాలేయంలో గడ్డ.” డెస్ అరచెయ్యి పక్కటెముకల కింద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అక్కడ పెట్టుకోవడం నోలీన్ ఎన్నిసార్లు చూసిందో. అరగలేదేమో అని అల్లం టీ కాచి ఇచ్చింది.

“ఇంకేమన్నాడు?”

“మెల్‌బోర్న్ వెళ్ళిపొమ్మన్నాడు. ఆలస్యం చెయ్యకుండా.”

“అంటే వైద్యం ఉందన్నమాట.”

డెస్ రేకుల అంచు నుంచి కారే నీళ్ళ వైపు తిరిగాడు.

“ఉందా, లేదా?”

“ఉండొచ్చు. కోసి తీసేస్తే బతికే వీలుంది అన్నాడు. గట్టిగా చెప్పలేను అన్నాడు.”

“బతికే వీలుంది అన్నాడా?” నోలీన్ కుర్చీ చేతిని పట్టుకుంది. “అది విని నువ్వు ఓడెక్కి వెనక్కొచ్చి, పడవమ్మి, సమాధికి చోటడిగావా?”

“కెవ్‌ని చూశాను కదా, నోల్.” కెవ్ అతని అన్నయ్య. “కోశారు, కుట్టారు, మళ్ళీ కోశారు. ఏడాదంతా మంచం మీదే. ఆఖరికి కిటికీలోంచి కార్లు నిలబెట్టే చోటు చూస్తూ పోయాడు. నావల్ల కాదు. మనకక్కడ ఇల్లు కూడా లేదు. కెరిన్ వాళ్ళ షెడ్డులో మంచమేసుకుని, నీ చేత మూత్రం డబ్బాలు ఎత్తించనా? ఇక్కడ నేను సముద్రం చూస్తూ పోతాను.”

“నువ్వు సముద్రం చూస్తూ పోతావు. సరే. నేనేం చూస్తూ ఉండాలి?”

నోలీన్ వంగి చాప చుట్ట ఎత్తి చంకలో పెట్టుకుంది. గొడుగు కోసం చూడలేదు.

“ఎక్కడికి, ఈ వానలో?”

“నీ తలూపుడు సరిచెయ్యడానికి,” అని మెట్లు దిగింది.

* * *

ఓసేయా ఇంటికి పైకి ఎక్కాలి. బురదలో రెండుసార్లు జారింది. ఒకసారి మోకాలు కలుక్కుమంది. ఆపరేషనయిన మోకాలు అది. దానివల్లే ఊళ్ళో అందరూ కింద కూర్చున్నా ఆవిడకి మాత్రం ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు.

గుమ్మంలో ఆవిణ్ణి చూసి మెరెయోని కుర్చీ కోసం పరిగెత్తింది. మెరెయోని కళ్ళు ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. ఓసేయా గోడకి చేరగిలి కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. ముసలాయన, భారీ మనిషి. కోడలు జరిగిందంతా చెప్పే ఉంటుంది, ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

“తడిసిపోయారమ్మా. ముందు తుడుచుకోండి.”

“ఆయన ఒక్కడికే అడిగాడట కదా ఓసేయా గారూ?”

“ఒక్కడికే అడిగాడు.” ఓసేయా తాడు పక్కన పెట్టాడు. “మేం మనిషిని ఒక్కణ్ణే పడుకోబెట్టమమ్మా. అటు తాతో ఇటు మనవడో ఉంటారు. మా ఆవిడ పక్కన నాకు చోటుంది. డెస్‌కి అక్కడ ఎవరున్నారు? అందుకని రెండిచ్చాను. మిమ్మల్ని అడిగి ఇవ్వాల్సింది. తప్పు నాదే.”

“ఆయనకి ఒంట్లో బాగాలేదని మీకు తెలుసా?”

ముసలాయన చూపు దించుకున్నాడు. “ఒంట్లో బాగున్నవాడు చోటడగడు.”

అంటే అందరికీ తెలుసు. ఈ మధ్య గుమ్మంలో పొద్దున్నే కర్రపెండలం గంపలు, అరటి గెలలు, అడక్కుండానే వచ్చే చేపలు. సాయంత్రమైతే ఒకరి తరవాత ఒకరు వచ్చి కూర్చునే ఆడవాళ్ళు. తన కొబ్బరి కేకులకి అలవాటు పడ్డారని మురిసిపోయింది. కెరిన్‌కి ఫోనులో గొప్పగా చెప్పింది కూడా. నోలీన్‌కి సిగ్గూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

“వెనక్కి తీసుకోవచ్చా?” అని అడిగింది.

“తీసుకోవచ్చు. పన్ను తిరిగిచ్చేస్తే చెల్లు. మాకు కోపమేమీ ఉండదు.” ఓసేయా లేచి, గూట్లోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. నూనె పట్టి పట్టి గోధుమ రంగు తిరిగిన పన్ను, రెండు కొసలకీ కట్టిన పీచు తాడు. ఒక పడవంత విలువైంది, అరచేతిలో పట్టేసింది. “మీ ఒక్కరిదే తీసెయ్యమంటారా?”

అప్పుడే గుమ్మంలో అలికిడి అయింది. డెస్. గొడుగు తెచ్చాడు కానీ విప్పలేదు. గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాడు. ఈ ఎత్తు ఎక్కడానికి అతనికి ఎంత కష్టమయిందో నోలీన్ మొదటిసారి కళ్ళు తెరిచి చూసింది.

“నీది తీసేయించుకో నోల్,” అన్నాడు ఊపిరి మధ్య. “తప్పేం లేదు. ఆయనేమీ అనుకోడు.”

మెరెయోని కుర్చీ తెచ్చి వెనకాల పెట్టింది. నోలీన్ దాన్ని పక్కకి జరిపింది.

చాప విప్పి, ఓసేయా ముందు పరిచింది. ఎర్ర ఊలు, పచ్చ ఊలు కుచ్చులు తడిసి అంటుకుపోయాయి. గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, ఒక్కో కాలూ మడిచి దాని మీద కింద కూర్చుంది. ఈ ఊళ్ళో ఆవిడ కింద కూర్చోవడం అదే మొదలు. ఓసేయా వెంటనే తన చొక్కా గుండీ సర్దుకుని ఎదురుగా సరిగ్గా కూర్చున్నాడు. కింద కూర్చున్న మనిషి ఏదో అడగబోతోందని ఆయనకి తెలుసు.

“నా దగ్గర పన్ను లేదు,” అంది నోలీన్. “మీ ఆడవాళ్ళు నాకిచ్చిన ఈ చాపే పెడుతున్నాను. నాది ఉంచండి. ఆయనది తీసెయ్యండి.”

“నోల్!” అన్నాడు డెస్.

ఆవిడ అటు తిరగలేదు. “చావడానికి మంచి చోటు దొరికిందని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడండీ. ఆ చోటు లేకుండా చెయ్యండి. నేను ఆయన్ని మెల్‌బోర్న్ తీసుకెళ్తాను. కెరిన్ షెడ్డులో ఉంటాను. డబ్బాలు ఎత్తాల్సొస్తే ఎత్తుతాను. బాగయ్యాక తిరిగొస్తాం. నేను ఎగ్గొట్టి పోనని మీకు నమ్మకం ఉండాలి కదా, అందుకే నా చోటు ఇక్కడే ఉండనివ్వండి. ఎప్పుడో ఒకప్పుడు నేను దానికి రావాల్సిందే.”

“నీకు మతి పోయిందా?” అరిచాడు డెస్. “వచ్చే నెల వెళ్ళిపోతానని కలలు కంటున్నదానివి, ఇక్కడ…”

“నువ్వు నోరు ముయ్యి. నీ తలూపుళ్ళు చాలు.”

మెరెయోని మొహం కప్పుకోవడానికి ఏమీ దొరక్క మోచేత్తో కప్పుకుంది. వాన తగ్గి, చూరు నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ఓసేయా చాప అంచు కుచ్చులు ఒక్కొక్కటే వేళ్ళతో విడదీశాడు. నోలీన్ మోకాలు సలుపుతోంది. కదిలితే మాట పోతుందేమో అని కదల్లేదు.

చివరికి ఆయన చాప అంచుని రెండు చేతులతో తాకి, తన భాషలో ఏదో అన్నాడు. తరవాత దోసిలి పట్టి చప్పట్లు కొట్టాడు. దభ్. దభ్. దభ్. మెరెయోని కూడా కలిసింది.

అయిపోయింది. నోలీన్ చోటు నోలీన్‌దే. ఇక దాన్ని డెస్ కూడా తీసేయించలేడు. జిలాంగ్ వెళ్ళిపోవాలని రెండేళ్ళు రోజులు లెక్కపెట్టుకున్న మనిషి, తన నోటితో తనే అడిగి తీసుకుంది.

“మరి ఆయనది?” అని అడిగింది.

“ఆయనది మీరడిగితే నేను తియ్యలేనమ్మా.” ఓసేయా గుమ్మం వైపు చూశాడు. “పన్ను పెట్టింది నువ్వు, డెస్. తీసుకునేదీ నువ్వే. లోపలికొచ్చి కూర్చో.”

డెస్ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. నోలీన్ పక్కన చాప మీద కూర్చున్నాడు, మధ్యలో జానెడు చోటు వదిలి.

ఓసేయా పన్నుని తాడుతో సహా రెండు చేతుల్లో ఎత్తి, అతని మోకాళ్ళ ముందు పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“తీసుకుంటే మీ దేశం వెళ్ళు. వదిలేస్తే ఇది నా దగ్గరే ఉంటుంది, గుట్ట మీద చోటు నీకుంటుంది. రెండిట్లో ఏది చేసినా నేను చప్పట్లు కొడతాను.”

డెస్ కుడి చెయ్యి పక్కటెముకల కింద ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది.

నోలీన్ పన్ను వంక చూడలేదు. అతని మొహం వంకా చూడలేదు. ఆ రెండు చేతుల్నే చూస్తూ కూర్చుంది. అవి ఇంకా కదల్లేదు.